బండలాగుడు కమిటీ వారి బైకుల పందెం

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషికి ఏదో ఒక పిచ్చి ఉండి తీరాలి, లేకపోతే ఆ ఎండలూ ఆ మేనేజర్లూ భరించడం మానవమాత్రుడి వల్ల కాదు. నా పిచ్చి మోటారు సైకిళ్ళ పందేలు. అందులోనూ తారురోడ్డు మీద జరిగేవి కాదు. విదేశాల్లో మట్టి మీద కోడిగుడ్డు ఆకారంలో బాట గీసి, బ్రేకులే లేని బండ్ల మీద నలుగురు ఒకేసారి బయల్దేరి, మలుపు రాగానే బండిని అడ్డంగా పడేసి మట్టి చిమ్ముకుంటూ జారిపోతారే, అవి. నాలుగు చుట్లు తిరుగుతారు. ఇంకా ఊపిరి పీల్చుకుంటూ ఉండగానే అయిపోతుంది. ఆ కాస్సేపటి కోసం ఫోను కంచం పక్కన నిలబెట్టుకుని, అన్నంలో పులుసు కలుపుకున్నానో మజ్జిగ కలుపుకున్నానో తెలియకుండా తినేవాణ్ణి. (రెండూ కలిపి తిన్న రోజులు కూడా ఉన్నాయని మా అమ్మ వాదన. నేను ఒప్పుకోను.)

మా నాన్న తాడేపల్లిలో ఒక చిన్న ఆంజనేయస్వామి గుళ్ళో అర్చకుడు. చుట్టుపక్కల ఎవరు కొత్త బండి కొన్నా ముందు మా గుడికే తెచ్చేవాళ్ళు. నేనేమో ఆ దగ్గర్లోనే ఒక షోరూములో బండ్లు అమ్మేవాణ్ణి. అంటే, ఈ బండి ఎక్సలేటరు తిప్పితే గాల్లో తేలినట్టు పోతుందండీ అని నేను పొద్దున కస్టమరుకి చెప్పి అమ్మితే, అదే బండి చక్రం కింద మధ్యాహ్నం నిమ్మకాయ పెట్టి, "నిదానంగా పో నాయనా, తొందరేం లేదు" అని నాన్న దీవించేవాడు. ఒకే ఇంట్లో మేం ఇద్దరం మోటారు సైకిళ్ళ మీదే బతుకుతూ కూడా వాటి గురించి ఒక్క మాట మీద ఉండేవాళ్ళం కాదు. ఎప్పుడైనా ఫోను ఆయన ముఖం ముందు పెట్టి "ఒక్కసారి చూడు నాన్నా" అంటే, కళ్ళజోడు పైకెత్తి చూసి, "గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే రావడానికి అంత తొందరేవిట్రా? మన గుళ్ళో ప్రదక్షిణలు చేసేవాళ్ళని చూడు, ఎంత నిదానంగా చేస్తారో!" అనేవాడు. నిజం చెప్పొద్దూ, నాకు కోపం కంటే బాధే ఎక్కువ వేసేది. నాకు ప్రాణంగా ఉన్న విషయం కన్నతండ్రికి ప్రదక్షిణం కంటే తక్కువగా కనిపిస్తే ఎలా ఉంటుంది? ఫోనులో చీమలంత కనిపిస్తే ఎవరికి మాత్రం అర్థమవుతుంది, ఒక్కసారి ఎదురుగా నిలబెట్టి చూపించాలి, అప్పుడు మాట్లాడమను చూద్దాం అని పంతం పట్టి కూర్చున్నాను.

ఆ పంతానికి నెయ్యి పోసినవాడు మా సర్వీసింగ్ సెక్షన్లో పనిచేసే స్పానర్. (అసలు పేరుతో పిలిస్తే వాడే పలికేవాడు కాదు.) సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు వాడిది. ఒకరోజు వాట్సాప్‌లో ఒక పోస్టరు పంపించాడు. వాళ్ళ ఊళ్ళో, జిల్లాలోనే మొట్టమొదటిసారిగా, మట్టి బాట మీద మోటారు సైకిళ్ళ పందెం. కుర్రాళ్ళంతా కలిసి పెడుతున్నారట. పోస్టరు మీద ఎవరో తెల్లవాడు బండిని అడ్డంగా పడేసి మట్టి లేపుతున్న బొమ్మ. నాకు ఒళ్ళు జలదరించింది. దానికి తోడు, వాళ్ళ ఊరి పంతులు గారు ఏదో పెళ్ళికి పోతున్నారనీ, బండ్ల పూజకి మనిషి కావాలనీ అన్నాడు. దేవుడు అడక్కుండానే వరమివ్వడమంటే ఇదే కదా! పందెం చూద్దాం రమ్మంటే నాన్న చచ్చినా రాడు, పూజ ఉందంటే చచ్చినట్టు వస్తాడు. "సాయంత్రం గుడి తలుపులు తీసే వేళకి వచ్చెయ్యాలి సుమా" అని ఒక్క షరతు పెట్టి, కుంకం భరిణె, కర్పూరం, సంచీడు నిమ్మకాయలతో నా బండి వెనక కూర్చున్నాడు. గుంటూరు దాటిందాకా "నెమ్మది, నెమ్మది" అంటూనే ఉన్నాడు. నలభై దాటితే నా భుజం మీద చెయ్యి బిగుసుకునేది.

మిరపకాయల కోతలు జోరుగా సాగే రోజులు. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. తుమ్ముకుంటూ తుమ్ముకుంటూ ఊరు చేరాం. పత్తికట్టె పీకేసిన చేలో, నల్లరేగడి నేల మీద, ముగ్గుపిండితో కోడిగుడ్డు ఆకారంలో బాట గీసి, చుట్టూ తాళ్ళు కట్టి ఉంది. ఫోనులో తప్ప చూడని బాట, మన మట్టి మీద! పక్కనే నలుగురు రైడర్లు బండ్లు దించుకుంటున్నారు. ఒకడు కనిగిరి నుంచి వచ్చాడట, బక్కపల్చగా, ఎవరితోనూ మాట్లాడకుండా టైర్లలో గాలి చూసుకుంటున్నాడు. "నాన్నా, ఇవాళ చూస్తావు" అన్నాను. "ముందు బక్కెట్టెడు నీళ్ళు పట్టించరా, కలశం పెట్టాలి" అన్నాడు నాన్న.

అప్పుడు చూశాను ఫ్లెక్సీ మీద రాతలు. 'ఎడ్ల బండలాగుడు ప్రదర్శన కమిటీ వారి ఆధ్వర్యంలో' అని ఉంది. ఇదేంట్రా అన్నట్టు చూస్తే స్పానర్ తల దించుకున్నాడు. "మైదానం వాళ్ళది, మైకు వాళ్ళది, షామియానా వాళ్ళది. కుర్రోళ్ళం, మా దగ్గర ఐడియా ఒక్కటేగా ఉంది! వాళ్ళు లేకుండా ఎట్టా కుదురుద్దిరా?" అన్నాడు. బండలాగుడంటే తెలియనివాళ్ళుంటే చెబుతాను. ఒంగోలు ఎడ్ల జతకి పెద్ద రాతిబండ కట్టి, ఇచ్చిన సమయంలో ఏ జత ఎంత దూరం లాగుతుందో టేపు పెట్టి కొలుస్తారు. పళ్ళని బట్టి ఎడ్ల వయసు లెక్కగట్టి విభాగాలు, ఒక జత తర్వాత ఒక జత. ఆ పోటీలు నడపడంలో ఈ కమిటీకి పల్నాటిలోనే పేరుందట. ఉండొచ్చు. నేను కాదనను. కానీ తాతల నాటి నుంచీ ఎడ్లతో కాపురం చేసినవాళ్ళకి బైకు అప్పగిస్తే ఏం చేస్తారో ఆ రోజు కళ్ళారా చూశాను.

మొదట పూజ. ఇక్కడ కమిటీని అనేముందు మా నాన్నని అనాలి. నాలుగు బండ్లూ వరసగా పెట్టి ఒక్క హారతి ఇస్తే పోయేదానికి, ఒక్కో బండికీ విడివిడిగా సంకల్పం చెప్పడం మొదలుపెట్టాడు. "గోత్రం?" అని అడుగుతాడు, హెల్మెట్‌లోంచి వాడు ఏదో అంటాడు, "హెల్మెట్ తీసి చెప్పు నాయనా, దేవుడికి వినపడద్దూ?" అంటాడు. నేను పక్కన పళ్ళెం పట్టుకుని కాళ్ళు మార్చుకుంటున్నాను. కనిగిరి కుర్రాడు మొహమాటంగా, "అయ్యా, మేం చర్చికి పోతామండీ, మాకు గోత్రాలవీ ఉండవు" అన్నాడు. హమ్మయ్య, ఒకటి తగ్గింది అనుకున్నాను. నాన్న బండి కేసి ఓసారి చూసి, "పూజ నీకు కాదుగా, బండికి. దానికి ఇంజను నంబరు ఉంటుందిగా, చదువు" అన్నాడు. వాడు వంగి ఆ నంబరు మొత్తం చదివాడు, నాన్న శ్రద్ధగా సంకల్పంలో కలిపాడు. కుర్రాడు మొదటిసారి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎండ నెత్తికెక్కుతోంది.

పూజ అయింది, ఇక నలుగురూ గీత మీదకి రావాలి కదా! ఒక్కడే వచ్చాడు. మైకులో గొంతు మోగింది. ఆ మైకాయన్ని ఊళ్ళో అందరూ మైకు బాబాయి అంటారు. "మొదటి జత... అదే, మొదటి బండి బరిలోకి వస్తోంది! నాలుగు పళ్ళ విభాగం... క్షమించాలి, రెండొందల సీసీ విభాగం! చూడండయ్యా ఆ ఠీవి, ఆ మూపురం!" (పెట్రోలు ట్యాంకుని చూసి అన్నాడు.) నేను పరిగెత్తుకుంటూ పోయి కమిటీ ప్రెసిడెంటు గారిని పట్టుకున్నాను. తెల్లపంచె, చేతికి వాచీ, నోట్లో చల్లటి మాట. "ఏవండీ, నలుగుర్నీ ఒకేసారి వదలాలండీ" అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. "నలుగుర్నీ ఒకేసారి వదిలితే ఒకళ్ళకొకళ్ళు తగులుకోరా బాబూ? ఏ ఊరి బండి ఎంత పోయిందో కొలిచేదెట్టా? మేం ఎప్పట్నుంచో చేస్తన్నాం, నువ్వు కూర్చో" అన్నాడు. అన్నట్టుగానే ఆ రైడరు ఒంటరిగా, పోటీకి మనిషి లేక, ఎందుకు తిరుగుతున్నాడో తనకే తెలియనట్టు నాలుగు చుట్లు తిరిగి ఆగితే, ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని ముగ్గుగీత పొడుగునా కొలుస్తూ నడిచారు. అందరూ తిరిగేది ఆ ఒక్క బాటే కదా, ఎవరిదైనా దూరం అంతే కదా అని ఒక్కరికీ తట్టలేదు. నాన్న కుర్చీలో సర్దుకుని కూర్చుని, "బాగానే ఉందిరా, నువ్వు చెప్పినంత భయంగా ఏం లేదు" అన్నాడు. అంతకంటే రెండు తన్నినా బాగుండేది.

ఇంతలో పక్క కల్లంలోంచి ఒక పెద్దమ్మ చీపురు పట్టుకుని వచ్చేసింది. "ఏందయ్యా మీ సంబడం! దుమ్మంతా నా కాయల మీదే పడతంది. దుమ్ము కాయలు మిర్చి యార్డులో ఎవడు కొంటాడు, మీ తాతా?" అని నిలబడింది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది, ఏడాది కష్టం అక్కడ ఆరబోసి ఉంది మరి. ప్రెసిడెంటు గారు వెంటనే, "ట్యాంకరు తెప్పించండ్రా, నీళ్ళు కొట్టండి" అన్నాడు. విదేశాల్లో కూడా బాటకి నీళ్ళు చల్లుతారు, అది నాకు తెలుసు, కానీ అక్కడ చిలకరిస్తారు. ఇక్కడ వరి నాట్లు వేస్తున్నట్టు పెట్టారు. పైగా నల్లరేగడి! రేగడికి నీళ్ళు పెడితే ఏమవుతుందో ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లాడికి కూడా తెలుసు. తరతరాలుగా దున్నినవాళ్ళు, ఆ క్షణంలో పందెం హడావిడిలో వాళ్ళ మట్టినే వాళ్ళు మర్చిపోయారు. రెండో రైడరు సగం మలుపు కూడా పోలేదు. చక్రానికి మట్టి, ఆ మట్టికి ఇంకా మట్టి చుట్టుకుని, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బిగుసుకుని బండి అక్కడే నిలబడిపోయింది. దిగితే బూటు మట్టిలో ఉండిపోయి కాలు ఒక్కటే బయటికొచ్చింది.

అప్పుడు కమిటీ వారికి ప్రాణం లేచొచ్చింది. ఎడ్ల జతని తోలుకొచ్చారు. కొమ్ములకి కుచ్చులు, మెడలో గంటలు, చూస్తే దండం పెట్టాలనిపించే ఎడ్లు. బైకుకి మోకు కట్టి లాగించారు. మైకు బాబాయి కంఠం అప్పుడు కదా విప్పాడు! "లాగరా నాయనా! అదీ దెబ్బ! రాముడూ, అడుగెయ్యి!" జనం ఈలలు, కేకలు. నాన్న కూడా లేచి నిలబడి చూశాడు. బైకుల పందెంలో ఆ రోజు మధ్యాహ్నం దాకా జనం చప్పట్లు కొట్టింది ఆ ఎడ్లకే. టేపు పట్టుకుని ఆ దూరం కూడా కొలిచారు.

ఆ తర్వాత నేల ఆరాలి. ఆరేదాకా ఏం చేస్తారు? సన్మానాలు. సర్పంచి గారికి శాలువా, ట్యాంకరు యజమానికి శాలువా, ఎడ్ల యజమానికి శాలువా, ఆఖరికి కల్లం పెద్దమ్మని కూడా పిలిచి కప్పారు. (ఆవిడ చీపురు కింద పెట్టకుండానే కప్పించుకుంది.) స్టేజీ మీది పెద్దల ముఖాన పొద్దు పడకుండా, స్టేజీ వీపు పడమటికి పెట్టి కట్టారు. బాట కూడా పడమటి వైపే ఉంది. అంటే స్టేజీ మీద ఎవరున్నా వాళ్ళ వెనక అంత ఎత్తున ఫ్లెక్సీ, దాని వెనక బాట. పందెం చూడ్డానికి వీల్లేని చోటు ఆ చేలో ఒక్కటే ఉంటే, దాన్ని వెతికి పట్టుకుని ముఖ్య అతిథులకి కేటాయించారు. కూర్చోబోతే కుర్చీ వేడి, లేస్తే ఎండ. కుర్రాళ్ళు "బండ్లు! బండ్లు!" అని అరుస్తున్నారు. నేను తాడు దగ్గరికీ కుర్చీ దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాను, పది అడుగులకోసారి వంగి మట్టి నొక్కి చూస్తూనే ఉన్నాను. నాన్న సంచీ సర్దేసుకున్నాడు. "ఒరేయ్, పొద్దు స్టేజీ మీది ఆ జెండా కిందకి దిగితే బయల్దేరదాం. స్వామికి దీపం పెట్టాలి" అన్నాడు. జెండాకీ సూర్యుడికీ మధ్య బెత్తెడే ఉంది.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఈ మనిషి మళ్ళీ జన్మలో ఇలాంటి చోటికి రాడు. ఇవాళ చూడకుండా వెళ్ళిపోతే, ఇక జీవితాంతం నా పిచ్చి ఆయనకి ఒక బురద, ఒక టేపు, రెండు ఎడ్లు. తాడు దగ్గర నేల పైపొర తెల్లబడి గట్టిపడింది కూడా. తిన్నగా స్టేజీ దగ్గరికి పోయి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. "ఏవండీ! పొద్దున్నుంచీ ఒక్క పందెం లేదు! ఇది బైకుల పందేమా, శాలువాల ఎగ్జిబిషనా? నేల ఆరింది, నలుగుర్నీ ఒక్కసారి వదలండి! ఒక్కసారండీ!" జనం నా వైపు తిరిగి ఈలలు వేశారు. నా వెనకాల స్పానర్ లేడు, ఎటో జారుకున్నాడు.

మీరు కోప్పడితే ఎదుటివాడు కోప్పడాలి, అది ధర్మం. ప్రెసిడెంటు గారు కోప్పడలేదు. ఎన్ని పోటీలు చూశాడో, ఎంతమంది ఎడ్లవాళ్ళ గొడవలు సర్దాడో! నవ్వుతూ మెట్లు దిగి నా చెయ్యి పట్టుకుని, "తప్పయింది బాబూ, నిన్ను గుర్తించలా. పైకి రా, పైకి రా" అని లాక్కుపోయాడు. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపు నేను స్టేజీ మీద, ఫ్లెక్సీకి వీపు పెట్టి నిలబడి ఉన్నాను. మైకు బాబాయి అందుకున్నాడు: "తాడేపల్లి నుంచి ఎండనక, కారపు ఘాటనక విచ్చేసిన మోటారు క్రీడాభిమాని, మన పూజారి గారి ఏకైక సంతానం..." (మా చెల్లి వింటే ఊరుకునేది కాదు.)

సరిగ్గా అప్పుడు నా వెనక నాలుగు ఇంజన్లు ఒకేసారి మొరిగాయి.

స్పానర్ వెళ్ళింది రైడర్ల దగ్గరికి. కమిటీ మొత్తం స్టేజీ మీద నన్ను సన్మానించడంలో మునిగి ఉంది కాబట్టి, అడ్డుకునే నాథుడు లేడు. రెండో బండి చక్రాల మట్టి అప్పటికే గోకేశారు, కనిగిరి కుర్రాడు మిగతా ముగ్గుర్నీ పిలిచి గీత మీద పెట్టాడట. కుర్చీల్లో జనం ఒక్కసారిగా లేచి తాళ్ళ దగ్గరికి పరిగెత్తారు. నేను తిరగబోయాను, శాలువా మీద పడింది. "ఫోటో, ఫోటో" అన్నాడు ప్రెసిడెంటు గారు, చెయ్యి వదల్లేదు. బండ లాగే ఎడ్లని ఆపిన చెయ్యి అది, నేనెంత! "వదలండీ బాబూ, వదలండి" అంటున్నాను. వెనక ఇంజన్ల మోత దగ్గరికొస్తోంది, దూరం పోతోంది, మళ్ళీ దగ్గరికొస్తోంది. మలుపు దగ్గర జనం అంతా ఒకే గొంతుతో "ఓ" అంటున్నారు. మట్టిపెళ్ళలు వచ్చి ఫ్లెక్సీకి తగులుతున్న చప్పుడు కూడా వినపడింది. శాలువాలోంచి తల బయటపెట్టి, మెట్లు దిగి, ఫ్లెక్సీ చుట్టూ తిరిగి తాడు దగ్గరికి చేరేసరికి నలుగురూ బండ్లు ఆపేసి, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని నవ్వుకుంటున్నారు. కనిగిరి కుర్రాడి బండి ముందు ఉంది. నాన్న తాడుని రెండు చేతులా పట్టుకుని, పంచె మీద నల్లమట్టి చుక్కలతో, కదలకుండా నిలబడి ఉన్నాడు.

ఎవరు గెలిచారని కూడా నేను అడగలేదు. పొద్దు జెండా దిగిపోయింది. శాలువా మెడలో వేసుకునే బండి స్టార్టు చేశాను. ఎవరి మీద కోపమో తెలియని కోపం, నోరు తెరిస్తే ఏం వస్తుందోనని మూసుకుని నడుపుతున్నాను. నాన్న ఒక్కసారి కూడా "నెమ్మది" అనలేదు. గుంటూరు దగ్గర పడుతుండగా నా వీపు మీద తట్టాడు.

"ఒరేయ్, వాళ్ళు తిరగాల్సింది ఎడం వైపుకి కదా. మరి మలుపులో హ్యాండిలు కుడికి తిప్పారేవిట్రా?"

బండి పక్కకి తీసి ఆపేశాను. ఎందుకంటే ఆ ఆటలో ప్రాణమంతా అదే. వెనక చక్రం జారుతుంటే ముందు చక్రాన్ని ఎదురు తిప్పి బండిని నిలబెట్టుకోవడం. ఫోనులో ఎన్నిసార్లు చూపించినా, ఎన్నిసార్లు వివరించినా ఇంట్లో ఒక్కరి తలకీ ఎక్కని సంగతి, ఈయన ఒక్క పందెంలో పట్టేశాడు.

"నీకు తెలుసా అలా తిప్పుతారని?" అన్నాడు.

"తెలుసు నాన్నా."

"మరి చెప్పవేం!" అని కసురుకున్నాడు. "ఆ కనిగిరి పిల్లాడు చూశావూ, రెండో మలుపులో బండి పడుకుంది, పడుకున్న బండిని మోకాలిని నేలకి తాకించుకుంటూ అలా తీసుకుపోయాడు. నా నోట్లోంచి దండకం వచ్చేసిందనుకో. నువ్వు స్టేజీ దిగి ఏ పక్క నిలబడ్డావ్? కనపడలేదేం?"

"స్టేజీ మీదే" అన్నాను.

నాన్న నా మెడలో శాలువా కేసి చూశాడు. ముందు పెదవులు బిగబట్టాడు. తర్వాత రోడ్డు పక్కన, సంచీ కింద పెట్టి మరీ నవ్వాడు. ఆయన అంత నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. కాసేపటికి నాకూ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, రెండింటిలో ఏది ముందో చెప్పలేను. ఆ రోజు స్వామికి దీపం ఆలస్యంగానే వెలిగింది. ఆలస్యం ఎందుకయిందని అడిగిన వాళ్ళందరికీ నాన్న రెండో మలుపు గురించి చెప్పాడు.

ఇప్పుడు నేను షోరూములో అమ్మే మనిషిని కాను, అమ్మేవాళ్ళ మీద అరిచే మనిషిని. ఏ సభకి పిలిచినా స్టేజీ ఎక్కమంటే ఒళ్ళు మండుతుంది. ఆ శాలువా అమ్మ మిక్సీ మీద కప్పింది. స్పానర్ పంపిన ఫోటో ఇంకా నా ఫోనులో ఉంది, అందులో ప్రెసిడెంటు గారు నిండుగా నవ్వుతున్నారు, నా తల మాత్రం వెనక్కి తిరిగి ఉంది, ఫ్లెక్సీ కేసి. పందెం వీడియోలు వచ్చినప్పుడల్లా ఇప్పుడు ఫోను కంచం పక్కన నిలబెట్టేది నాన్నే. ప్రపంచంలోకెల్లా గొప్ప రైడరు అడ్డంగా జారుతూ వస్తుంటాడు, నాన్న పెదవి విరిచి, "మన కనిగిరి పిల్లాడంత వంగలేదురా" అంటాడు. ఆయన చాంపియను నాన్నా, అంతకంటే వంగితే పడిపోతాడు అని నేను వాదిస్తాను. అప్పుడు నాన్న మజ్జిగన్నం కలుపుకుంటూ, నా వంక చూడనైనా చూడకుండా అంటాడు:

"నువ్వు చూళ్ళేదుగా. నీకేం తెలుసు?"